పంచుకొనే పండు

గోదావరిఖని అనే ఊరిపేరులో ఒక నది, ఒక గని పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. నది నేలపైన పారుతుంది; గని నేలలోపల సాగుతుంది. ఈ రెంటి నడుమ బ్రతికే జనానికి ఎండకాలం వచ్చినదని చెప్పడానికి పంచాంగం అక్కరలేదు. మే నెలలో రామగుండం ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. బొగ్గుకుప్పలు పగలంతా ఎండను త్రాగి, ప్రొద్దు గుంకిన తరువాత కూడ ఆ వేడిని విడుస్తూ ఉంటాయి. షిఫ్టు ముగించుకొని బాయినుండి ఇంటికి చేరిన మనిషి నాలుక అప్పుడు కోరేది పంచభక్ష్య పరమాన్నాలను కాదు. ఒకింత పులుపు, ఒకింత ఉప్పు, ఒకింత చల్లదనం.

ఆ మూడింటిని ఒక్క పళ్లెంలో అమర్చే సులభమైన వంటకం ఒకటి ఉన్నది. పొయ్యి వెలిగించనక్కరలేదు. నూనె కాగబెట్టనక్కరలేదు. బత్తాయి, కమలా, నిమ్మ మొదలైన పండ్లను తొక్క తీసి, తొనలు విప్పి, ఉప్పు మిరియం చల్లి, అప్పటికప్పుడు తినే పచ్చి పళ్లెం అది. నగరాలలో దీనిని సలాడు అంటున్నారు. పేరు కొత్తదే గాని పదార్థాలన్నీ మనవే. ఈ పళ్లెం ఎట్లా సిద్ధమవుతుంది, దానిని తాజాగానే ఎందుకు తినవలె, అన్నిటికంటె ముఖ్యంగా ఆ తొనలు ఇంటిలో ఎవరి వంతుకు వస్తాయి అనే విషయాలు ఆలోచింపదగినవి.

సింగరేణి చరిత్ర తెలిసినదే. 1871లో ఇల్లందు సమీపాన విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గు జాడను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనులు త్రవ్వే హక్కు లభించినది. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ అనే పేరు ధరించినది. 1960 తరువాతి దశాబ్దాలలో గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం ప్రాంతం బొగ్గుకు పట్టుగొమ్మ అయినది. కాజీపేట నుండి బల్లార్షాకు పోయే రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆ దారిన ఉత్తరానికి పోతే నాగపూరు వస్తుంది. అది కమలాలకు పుట్టినిల్లు. దక్షిణాన, కాజీపేట దాటి మరికొంత దూరం పోతే నల్లగొండ సీమ. అది బత్తాయి తోటలకు ప్రసిద్ధి. ఊరినుండి బొగ్గు వెలుపలికి పోతుంది. ఊరిలోకి పండ్లు వస్తాయి. చలికాలంలో గోదావరిఖని చౌరస్తాలో ఒకే తోపుడుబండి మీద నాగపూరు కమలా, నల్లగొండ బత్తాయి ఒకదానినొకటి ఆనుకొని కూర్చుండడం కనిపిస్తుంది. మారుమూల అని పేరుపడిన బొగ్గుపట్టణం ఈ విషయంలో మాత్రం నడిబజారే.

ఈ పండ్ల కుటుంబం మన భాషలో ఎంతగా పాతుకొనిపోయినదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చీకూ చింతా లేకుండ కదలక మెదలక కూర్చున్నవానిని "నిమ్మకు నీరెత్తినట్లున్నాడు" అంటాము. పచ్చని మేనిచాయను దబ్బపండుతో పోలుస్తాము. మాదీఫలాన్ని సంస్కృతంలో మాతులుంగమని, బీజపూరమని అంటారు. అది గణపతి చేతను, కొల్హాపూరు మహాలక్ష్మి చేతను శిల్పులు ఉంచిన ఫలం. రాయలసీమలో బత్తాయిని చీనీ అంటారు. ఆ మాటలోనే చీనాదేశం ఉన్నది. బత్తాయి అనే మాటలో బటేవియా, అనగా నేటి జకార్తా, అనే రేవు పట్టణపు పేరు దాగియున్నదని అంటారు. ఇక నారింజ మాట చేసిన ప్రయాణం సామాన్యమైనది కాదు. సంస్కృతంలోని నారంగ శబ్దానికి మూలం ద్రావిడ భాషలలో ఉన్నదని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఆ శబ్దం పారసీకంలో నారంగ్ అయి, అరబ్బీలో నారంజ్ అయి, స్పానిష్‌లో నరాంహ అయి, చివరకు తలలోని నకారాన్ని పోగొట్టుకొని ఆంగ్లంలో ఆరెంజి అయినది. మనవాళ్లు నేడు ఆ ఆరెంజిని కొత్తమాటగా తిరిగి తెచ్చుకున్నారు! పుట్టింటి పిల్ల పరదేశపు వేషంలో తిరిగివస్తే గుర్తుపట్టనట్లు ఉన్నది మన సంగతి.

మాట మాత్రమే కాదు, పండు కూడ ఈ దిక్కుదే. నారింజ జాతి వృక్షాలు హిమాలయపు ఆగ్నేయ పాదసీమలలో, అనగా అస్సాము, ఉత్తర బర్మా, యునాన్ ప్రాంతాలలో పుట్టినవని 2018లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. పంపర పనస, కమలా జాతి, మాదీఫలం అనేవి ఆదిమ జాతులలో ముఖ్యమైనవి. పంపర పనసకు, కమలాకు కలిగిన సంకరమే మన బత్తాయి. మాదీఫలం ఒక అడవి జాతితో కలిసినందువల్ల నిమ్మ పుట్టినది. కాబట్టి ఈ పళ్లెంలో కమలా, బత్తాయి, పంపర పనస, నిమ్మ కలిసినప్పుడు అది కొత్తగా కుదిర్చిన పొత్తు కాదు. తల్లిదండ్రులు, బిడ్డలు, దగ్గరి చుట్టాలు ఒకచోట చేరినట్లే.

సలాడు అన్న మాటకు భయపడనక్కరలేదు. లాటినులో సాల్ అనగా ఉప్పు. ఉప్పు చల్లినది సలాడు. ఉప్పు చల్లి పచ్చిగా తినడం మనకు క్రొత్తదా? నానబెట్టిన పెసరపప్పులో దోసకాయ ముక్కలు, నిమ్మరసం కలిపే కోసంబరి ఉన్నది. వేపపువ్వు, చింతపండు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం కలిసిన ఉగాది పచ్చడి ఉన్నది. నిప్పు సోకకుండ ఆరు రుచులను కలిపి, కలిపిన పూటనే ఆరగించే ఆ పచ్చడిని మించిన సలాడు ఏ దేశంలో ఉన్నది? ఉగాది పచ్చడి ఏడాదికి ఒక్కసారి చేసే పనిని ఈ తొనల పళ్లెం వారానికి రెండు మూడుసార్లు చేయగలదు.

ఉప్పు సంగతి బొగ్గుగనివారికి మరింత దగ్గరిది. 1923లో నెవిల్ మాస్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని వేడిగనులలో పనిచేసే బొగ్గు కార్మికులను పరిశీలించినాడు. చెమటోడ్చి పనిచేసి, దాహం తీర మంచినీళ్లు త్రాగినవారికి కాళ్లు, చేతులు, కడుపు కండరాలు కొంకర్లు పోయేవి. చెమటతో నీరు మాత్రమే పోదు, ఉప్పు కూడ పోతుంది. పోయినచోట ఉత్తనీరు మాత్రమే నింపితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. త్రాగే నీటిలో చిటికెడు ఉప్పు కలిపినప్పుడు ఆ బాధ తగ్గినది. హాల్డేన్ అనే సుప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడు కూడ ఈ విషయాన్ని సమర్థించినాడు. శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిన ఈ సంగతిని మన పల్లెలలో ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం ఏనాటినుండో ఆచరణలో చూపుతూనే ఉన్నాయి. ఐతే చెమట పట్టని ఉద్యోగం చేసేవారు, రక్తపుపోటు ఉన్నవారు ఉప్పును చేజార్చి వేసుకొనరాదు. అందరికీ ఒకే కొలత అనేది ఉప్పు విషయంలో చెల్లదు.

ఇక తయారీ. నలుగురికి సరిపోవడానికి రెండు బత్తాయిలు, మూడు కమలాలు, ఒక నిమ్మకాయ చాలును. పంపర పనస దొరికిననాడు అందులో సగం చేర్చవచ్చును. ఒక చిన్న ఉల్లిగడ్డ, పది పన్నెండు పుదీనా ఆకులు, దోరగా వేయించి దంచిన జీలకర్ర పొడి అర చెంచా, మిరియాల పొడి, ఉప్పు, రెండు చెంచాల వేయించిన నువ్వులో పల్లీలో ఉంటే సరి. పుల్లదనం ఎక్కువగా తోచినవారు ఒక చెంచా తేనెగాని, కరిగించిన బెల్లంగాని వాడుకొనవచ్చును.

కమలాను విప్పడం పసిపిల్లల పని. దాని తోలు వదులుగా ఉంటుంది, చేతితోనే ఊడివస్తుంది. తొనలమీది తెల్లని పీచును తీసివేసి, పలుచని పొరను చీల్చి, గింజలు రాల్చితే చాలు. బత్తాయి అట్లా లొంగదు. దాని తొక్క గుజ్జును అంటిపెట్టుకొని ఉంటుంది. కత్తిపీట ఈ పనికి పనికిరాదు; పదునైన చిన్న చాకు కావలె. ముందు పండు తలను, అడుగును సన్నగా కోసివేయవలె. అప్పుడు పండు పీటమీద కదలకుండ నిలబడుతుంది. పైనుండి క్రిందికి, పండు గుండ్రదనాన్ని అనుసరించి చాకును దింపుతూ, పచ్చని తొక్కను, దానిక్రింద ఉన్న తెల్లని మెత్తని పొరను కలిపి చెక్కివేయవలె. తెలుపు మిగిలితే చేదు మిగులుతుంది. పంపర పనస తెలుపులోని చేదుకు కారణమైన పదార్థం పేరు నారింజిన్. నారంగ శబ్దం రసాయనశాస్త్రంలోకి కూడ ప్రవేశించినదన్నమాట!

తొక్క పోయిన పండును ఎడమచేత పట్టుకొని గిన్నెకు పైగా ఉంచవలె. రెండు తొనల నడుమ తెల్లని గోడవంటి పొర కనబడుతుంది. ఆ గోడకు ఆనుకొని ఒకవైపున చాకును నడిమివరకు దింపి, రెండవ గోడ పక్కన అట్లే దింపితే, గుజ్జు తొన మాత్రం పొర లేకుండ జారి గిన్నెలో పడుతుంది. తొనలన్నీ పడిన తరువాత చేతిలో మిగిలిన పొరల గుత్తిని గట్టిగా పిండితే చక్కని రసం కారుతుంది. ఆ రసమే ఈ పళ్లానికి తడి. వేరే నూనె అక్కరలేదు. మొదటి పండు కోసినప్పుడు సగం గుజ్జు చాకుకు అంటుకొని నలుగుతుంది. మూడవ పండు నాటికి చేయి కుదురుతుంది. ఇది విద్యార్థులు నేర్చుకొనదగిన పని. ఆడపిల్లలే నేర్చుకొనవలెనన్న నియమం ఏ పండు మీదా వ్రాసి లేదు.

తొనలను వెడల్పు పళ్లెంలో పరచి, పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చేతితో చించిన పుదీనా చల్లవలె. ఉప్పు మాత్రం చివరి నిమిషందాక పట్టకూడదు. ఉప్పు తగిలిన తొన తనలోని నీటిని వెలుపలికి విడిచి కుంగిపోతుంది. పావుగంటలో పళ్లెం నిండా రసం, అందులో తేలే పిప్పి మిగులుతాయి. వడ్డించే వేళకు ఉప్పు, మిరియం, జీలకర్ర చల్లి, అరచెక్క నిమ్మరసం పిండి, చివరగా నువ్వులో పల్లీలో వేయవలె. పల్లీలు ముందుగా వేస్తే మెత్తబడి వాటి కరకర పోతుంది.

పాత్ర విషయం మరవరాదు. ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకు పనికిరావని పెద్దలకు తెలుసు. అందుకే పూర్వం కళాయి పూసినగాని ఇత్తడి గిన్నెలో పులుసు కాచేవారు కాదు. ఇందుకు మరియొక కారణం కూడ ఉన్నది. రాగి తగిలితే పండులోని సి-విటమిను గాలిలోని ఆమ్లజనితో త్వరగా కలిసి చెడిపోతుంది. గాజు, పింగాణి, స్టీలు పాత్రలు వాడడం మేలు.

సి-విటమిను కథ సముద్రంమీద మొదలైనది. నెలల తరబడి ఓడలలో తిరిగే నావికులకు చిగుళ్లు ఉబ్బి రక్తం కారేది. పాతగాయాలు మళ్లీ పుండ్లయ్యేవి. బలం ఉడిగి మరణించేవారు. ఆ వ్యాధి పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడవైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరుగా ఆరు జట్లు చేసి, జట్టుకొక ఔషధం ఇచ్చి చూచినాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న జట్టు అందరికంటె త్వరగా కోలుకున్నది. కంటికి ఇంత స్పష్టంగా కనిపించిన సత్యం బ్రిటిష్ నౌకాదళానికి ఆజ్ఞగా మారడానికి 1795 వరకు, సుమారు అర్ధశతాబ్దం, పట్టినది. గనులకు కూడ ఈ వ్యాధి కొత్త కాదు. 1849 నాటి కాలిఫోర్నియా బంగారు వేటలో రొట్టె, ఉప్పుమాంసం తప్ప మరేమీ ఎరుగని గనివాండ్రను స్కర్వీ పట్టి పీడించినది. భూమిలోని బంగారం కోసం వెళ్లినవారు చెట్టుమీది బంగారం లేక చనిపోయినారు. ఆ పండులోని రహస్య పదార్థాన్ని 1928లో సెంట్-గ్యోర్గీ అనే హంగరీ శాస్త్రజ్ఞుడు వేరుచేసినాడు. 1937లో ఆయనకు నోబెలు బహుమానం లభించినది.

మనిషి శరీరం సి-విటమినును తయారుచేసుకోలేదు. ఎక్కువగా నిలువ చేసుకోలేదు. అందువల్ల నిన్నటి తిండి నేటికి చాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసులలో పురుషునికి రోజుకు 80 మిల్లీగ్రాములు, స్త్రీకి 65 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 115 మిల్లీగ్రాములు కావలెనన్నది. నారింజ జాతి పండ్లలో 100 గ్రాముల గుజ్జుకు, పండును బట్టి, సుమారు 25 నుండి 55 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఒక పళ్లెం తొనలు రోజు అవసరంలో పెద్దభాగాన్ని తీర్చగలవు. పాలిచ్చే తల్లికి ఇంటిలో అందరికంటె ఎక్కువ కావలసి ఉన్నదన్న అంకెను మాత్రం పాఠకులు జ్ఞాపకముంచుకొనవలె. దానితో తిరిగి పని ఉన్నది.

తాజాదనానికి విలువ ఎంతో పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఒక గ్లాసు నీటిలో చెంచాడు అన్నపు గంజి కలిపి, మందులషాపులో దొరికే టింక్చర్ అయొడిన్ రెండు మూడు చుక్కలు వేస్తే నీరు ముదురు నీలంగా మారుతుంది. అందులో నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ లెక్కపెట్టవలె. కొన్ని చుక్కలకు నీలం మాయమవుతుంది. ఎంత తక్కువ చుక్కలకు మాయమైతే రసంలో అంత ఎక్కువ సి-విటమిను ఉన్నదన్నమాట. తరువాత అదే పండు రసాన్ని పది నిమిషాలు మరిగించి, ఆవిరైన మేరకు నీరు కలిపి, చల్లార్చి చూడవలె. ముందునాటి రాత్రి మూత లేకుండ ఉంచిన రసాన్ని కూడ చూడవలె. మూడు గ్లాసులు, మూడు లెక్కలు, నల్లబల్లమీద ఒక పట్టిక: ఇంతకంటె చవకైన ప్రయోగశాల ఉండదు. ఉపాధ్యాయుడు దగ్గరుండి చేయించవలసిన ప్రయోగమిది. ఆ నీటిని ఎవరూ త్రాగరాదని వేరుగా చెప్పవలసి ఉన్నది.

ఇంతవరకు రుచి, ఇంతవరకు శాస్త్రం. ఇక అసలు విషయం.

బొగ్గుగని ప్రాంతపు ఇండ్లలో పండు కొన్ననాడు అది ఎవరికోసం వచ్చినదో అడగనక్కరలేదు. బాయికి పోయివచ్చిన మనిషికి మొదటి వంతు. బడికి పోయే కొడుకుకు రెండవ వంతు. మిగిలితే బిడ్డకు. పండు ఒలిచిన చేతికి మిగిలేది తొక్క వాసన. ఇది ఎవరో చేసిన అన్యాయమని ఆ ఇల్లాలు అనుకొనదు. ప్రేమ అనే అనుకొంటుంది. "చెమటోడ్చినోళ్లకు పెట్టాలె, ఇంటిపట్టున ఉన్న మనకెందుకు?" అనే మాట పెద్ద ముత్తైదువల నోట తరచుగా వినిపిస్తుంది. ఆ మనకెందుకు అన్న మాటకు జవాబు అంకెలలో ఉన్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో సగానికి మించినవారు రక్తహీనులు. ఇంటిపట్టున ఉన్నంతమాత్రాన పని లేదని కాదు. చెమట లేదని అంతకంటె కాదు. మే నెలలో రేకుల వంటింటిలో పొయ్యిముందు నిలుచున్న స్త్రీ చెమటను ఏ శాస్త్రజ్ఞుడూ సీసాలో పట్టి కొలువలేదు, అంతే.

రక్తహీనతకు, ఈ తొనలకు సంబంధం ఉన్నది. తోటకూర, గోంగూర, పప్పుదినుసులు, జొన్నలు, సజ్జలు మొదలైన వాటిలో ఇనుము ఉన్నది గాని, ఆ ఇనుము శరీరానికి సులభంగా వంటబట్టదు. పళ్లెంలో ఉన్నదంతా రక్తంలోకి రాదు. అదే భోజనంలో సి-విటమిను ఉన్నట్లయితే ఆ ఇనుము కరగే రూపానికి మారి, ఎక్కువ పాలు పేగులనుండి రక్తంలో చేరుతుంది. కాబట్టి ఈ పళ్లెం భోజనానికి రెండు గంటల తరువాత కాక, భోజనంతోనే తినవలె. చాయ్ మాత్రం భోజనానికి దూరంగా ఉండవలె. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టి బంధిస్తుంది. గంటసేపైనా ఆగి త్రాగడం మంచిది. తోటకూర పప్పు, జొన్నరొట్టె, పక్కన నాలుగు తొనలు: ఈ భోజనంలో ఖర్చు ఎక్కువ కాదు, ఫలితం ఎక్కువ.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకొనవలసి ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, నూలుమిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలకు ప్రాణాంతకంగా పరిణమించిన ఒకవిధమైన రక్తహీనతను పరిశోధించినది. సూక్ష్మక్రిమి ఏదో కారణమని కొందరనుకొన్నారు. ఆమె ఆ స్త్రీలు ఏమి తింటున్నారని అడిగినది. ఈస్టు సారాన్ని ఇచ్చినప్పుడు వారు కోలుకొన్నారు. 1931లో ఆ ఫలితం ప్రకటించినది. ఈస్టులోని ఆ గుణకారి పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలినది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా సిద్ధంచేసిన పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఫోలిక్ ఆమ్లపు సహజరూపం ఆకుకూరలలోవలెనే నారింజ జాతి పండ్లలోను ఉన్నది. కార్మికవాడలోని స్త్రీ పళ్లెంలో ఏమున్నదని అడిగిన ఒక ప్రశ్న ఎంత దూరం పోయినదో ఈ కథ చెప్పుతుంది. ఆ ప్రశ్న బొంబాయి మిల్లులతో ముగిసిపోలేదు.

పైగా, గని అంటే పురుషుడు, ఇల్లు అంటే స్త్రీ అన్న పాత లెక్క కూడ మారుతున్నది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి అనుమతించలేదు. 2019లో కేంద్రప్రభుత్వం కొన్ని షరతులతో ఆ ఆంక్షను సడలించినది. ఇక ఏ షిఫ్టు నుండి ఎవరు అలసివస్తారన్నది ముందుగా చెప్పలేని రోజులు వస్తున్నాయి. పండు వంతులు మాత్రం పాత వరుసలోనే నడిస్తే ఎట్లా?

ఈ పళ్లానికి లేని మహిమలను అంటగట్టడం మంచిది కాదు. బెల్లం తింటే ఊపిరితిత్తులలోని బొగ్గుదుమ్ము దిగిపోతుందన్న నమ్మకం కార్మికులలో ఉన్నది. నారింజ తింటే కడుక్కొనిపోతుందని అనేవారు కూడ ఉండవచ్చును. తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చినది రొమ్ములోకి పోతుంది. ఆ రెండు దారులు వేరు. దుమ్ముకు మందు నీటి చిలకరింపు, మంచి గాలి, ముఖానికి తొడుగు, కాలానుగుణమైన వైద్యపరీక్ష మాత్రమే. ముదిరిన రక్తహీనతకు తొనలు చాలవు. వైద్యుడు చెప్పిన ఇనుపమాత్రలు వేసుకొనవలసిందే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఈ పండ్లను వైద్యుని అడిగి తినవలె. రక్తపుపోటుకు, కొలెస్టరాలుకు వాడే కొన్ని మందులు పంపర పనసతో పొసగవు. వాటిని వాడేవారు కూడ అడిగి తెలుసుకొనవలె. చక్కెరవ్యాధి ఉన్నవారికి పిండి వడగట్టిన రసంకంటె తొనలుగా నమలడం మేలు; పీచు కడుపులో చక్కెర వేగాన్ని తగ్గిస్తుంది.

ధర మాట రాక తప్పదు. నెలాఖరున బత్తాయి కొనలేని ఇల్లు ఉంటుంది. అట్టి రోజున నిమ్మకాయ ఒక్కటి చాలును. తరిగిన దోసకాయ, టమాట, ఉల్లిగడ్డల మీద పిండితే అదే పళ్లెం. జామపండు, ఉసిరికాయ సి-విటమినులో నారింజను మించినవి. రోడ్డుపక్క చెట్టున కాసిన జామకాయను చులకన చేసి, బంగారు రంగు పండుకోసం అప్పుచేయడం తెలివి కాదు. ఈ పళ్లెంలో ముఖ్యమైనది పండు కులం కాదు. అది అప్పుడే కోసినది కావడం, అందరికీ అందడం.

చెట్టుమీద పండే పండ్లలో తనంతట తాను వంతులు వేసుకొని పుట్టేది నారింజ జాతి. మామిడిని కోసి పంచవలె. అరటిని విరిచి పంచవలె. కమలాను ఒలిచి చూస్తే పది తొనలు, పది వంతులు సిద్ధంగా ఉంటాయి. కొలత తప్పిందని తగవులాడే పనిలేదు. ఇంతటి సదుపాయం ప్రకృతి చేసిపెట్టినప్పుడు, మిగిలిన పని ఎవరికి ఎన్ని అని లెక్కపెట్టడమే. ఇంటిలో నలుగురుంటే పళ్లెంలోని తొనలు నాలుగు గిన్నెలలోకి ముందే సర్దివేయడం ఉత్తమమైన పద్ధతి. అందరూ తిన్న తరువాత మిగిలినది తింటానన్న మాటకు అప్పుడు తావుండదు.

క్వార్టర్ల వరుసలో ఏదో ఒక ఇంటి ముందర సాయంకాలపు నీడలో ఒక కోడలు పీటమీద బత్తాయి నిలబెట్టి చాకు దింపుతూ ఉంటుంది. పక్కన చాపమీద అత్త కమలా తొనల పీచు తీస్తూ ఉంటుంది.

"పిలగాండ్లకు, ఇంటికచ్చినోనికి పెట్టు బిడ్డా, మనకెందుకు?" అంటుంది ఆ పెద్దామె, అలవాటుగా.

"నాలుగు గిన్నెలు కాదు అత్తమ్మా, ఆరు గిన్నెలు పెట్టిన. మీది గిదే, తీసుకోండ్రి. నాది గూడ పక్కకు పెట్టుకున్న" అంటుంది కోడలు, ఉప్పు చల్లుతూ.

పెద్దామె గిన్నె అందుకొని, ఒక తొన నోట వేసుకొని, పులుపుకు కండ్లు మూసుకొంటుంది.